మోడల్ రైలు ఇంజిన్ మీద చిన్న భాగాలు ఊడిపోతున్నాయి, ఏ జిగురు వాడాలి?

ప్రశ్న: హెచ్ఓ కొత్తవాడు

అందరికీ నమస్కారం. నా దగ్గర ఒక హెచ్ఓ స్కేల్ (అసలు దానిలో 87వ వంతు సైజు) డీజిల్ రైలు ఇంజిన్ మోడల్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. నడక బాగుంది, మోటారు చప్పుడు కూడా తక్కువే. ఇబ్బందల్లా పైనున్న చిన్న చిన్న భాగాలతోనే. ఒక పక్క హ్యాండ్‌రెయిల్ కింది చివర రంధ్రంలోంచి బయటికొచ్చి వేలాడుతోంది. ముందువైపు బ్రేక్ గొట్టం ఒకటి ఊడి డబ్బాలో దొరికింది. పైకప్పు మీద హారన్ కదులుతోంది. ఇంజిన్‌ని వంచితే లోపల ఏదో గలగలమంటోంది. క్యాబ్ కిటికీ అద్దం ఊడిందేమోనని అనుమానం.

హ్యాండ్‌రెయిల్‌కి సూపర్ గ్లూ చుక్క పెడితే రాత్రంతా గట్టిగానే ఉంది. పొద్దున పట్టాల మీద పెడదామని పట్టుకోగానే టప్పున ఊడింది. జిగురు పొలుసులా లేచి వచ్చేసింది. అన్నిటికీ పనికొచ్చే జిగురు ఒక్కటేదైనా ఉందా? బాడీ విప్పాలంటే టెన్షన్‌గా ఉంది. విప్పకుండా అయ్యే పనేనా?

జవాబు: వీకెండ్ గార్డు

పల్చటి సూపర్ గ్లూ కాకుండా జెల్ రకం తీసుకోండి. కారిపోదు, సర్దుకోవడానికి కాస్త టైమ్ కూడా ఇస్తుంది. నేను అన్నిటికీ అదే వాడతాను, కిటికీలకు కూడా.

జవాబు: లోకోషెడ్డు

కిటికీల విషయంలో పై జవాబుతో నేను ఏకీభవించను. సూపర్ గ్లూ ఆరేటప్పుడు దాని ఆవిరి చుట్టుపక్కల దిగి తెల్లటి పొరలా పేరుకుంటుంది. పోలీసులు వస్తువుల మీది వేలిముద్రలు బయటపెట్టడానికి వాడేది ఈ ఆవిరినే. అంటే అద్దం మీద జిగురు తగలకపోయినా మసక రావచ్చు, మన వేలిముద్రతో సహా. నల్ల పెయింట్ మీద ఇంకా బాగా కనిపిస్తుంది. ఒకసారి అద్దం తెల్లబడితే పాలిష్ పట్టాలి, లేదా కొత్తది వేయాలి.

ఇక మీ ప్రశ్న. అన్నిటికీ ఒకటే జిగురు లేదు. ఊడిన ముక్క దేనితో చేశారు, దాని మీద ఎలాంటి బలం పడుతుంది అన్నవి చూసుకున్నాకే జిగురు సంగతి. మీ హ్యాండ్‌రెయిల్‌ని మెల్లగా వంచి చూడండి. తెల్లబడకుండా వంగి, వదలగానే మళ్లీ నిటారుగా అయిందా? పట్టుకుంటే కాస్త మైనంలా జారుతోందా? అయితే అది ఎసిటాల్ లాంటి జారుడు ప్లాస్టిక్ కావచ్చు. చేయి తగిలినా విరగకూడదని సన్నటి భాగాలను ఇలాంటి దానితో చేస్తారు. చిక్కేమిటంటే దానికి ఏ జిగురూ సరిగ్గా అంటదు. మీకు పొలుసులా లేచి రావడానికి కారణం బహుశా అదే. ఇంకా అనుమానంగా ఉంటే కనబడని చోట సాల్వెంట్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే ద్రవం) సూదిమొనంత తాకించండి. మెత్తబడితే మోడల్స్‌కి మామూలుగా వాడే ప్లాస్టిక్‌లు స్టైరీన్ లేదా ఏబీఎస్. చలించకపోతే జారుడు రకమే.

ఇలాంటి ముక్కని జిగురుతో కాదు, బిగింపుతో నిలబెట్టాలి. చాలా ఇంజిన్లలో హ్యాండ్‌రెయిల్ కాళ్లు రంధ్రాల్లోకి నొక్కితే బిగుసుకునేలా ఉంటాయి. అందుకే ముందు ఆ రంధ్రంలో మిగిలిన పాత జిగురుని సూదితో గీకి తీసేయండి. సగం సందర్భాల్లో కాలు మళ్లీ దానంతట అదే కూర్చుంటుంది. కాలు విరిగి ఉంటే మాత్రం చేతి డ్రిల్లుతో 0.4 మి.మీ. రంధ్రం చేసి ఇత్తడి తీగ ముక్కని పిన్నులా దింపండి. మన 1:87 స్కేల్లో 0.4 మి.మీ. అంటే అసలు ఇంజిన్ మీద దాదాపు 35 మి.మీ., కాబట్టి లావుగా కనబడుతుందన్న బెంగ అక్కర్లేదు. చేత్తో తిప్పేటప్పుడు కార్బైడ్ బిట్ వద్దు, కొంచెం ఒరిగినా పుటుక్కున విరుగుతుంది. మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్ ఓర్చుకుంటుంది.

సూపర్ గ్లూ చెడ్డదని కాదు. నేరుగా లాగితే బాగానే పట్టుకుంటుంది, పక్కనుంచి తట్టినా ఒలిచినా పెళుసుగా వదిలేస్తుంది. హ్యాండ్‌రెయిల్‌కి రోజూ తగిలేది పక్కదెబ్బే. పిన్ను దింపితే ఆ దెబ్బ తీగ మీద పడుతుంది, జిగురు పని తీగ జారకుండా చూడటం వరకే.

హారన్ సంగతి తేలిక. బాడీ విప్పి లోపలివైపునుంచి, కాడ బయటికొచ్చిన చోట టూత్‌పిక్‌తో చిన్న చుక్క పెట్టండి. పైనుంచి పెడితే మరక మిగులుతుంది. బ్రేక్ గొట్టానికి జెల్ చాలు, కానీ రెండు వైపులా పెయింట్ గీకి అసలు పదార్థం కనబడేలా చేశాకే. పెయింట్‌కి అంటించిన జిగురు పెయింట్‌తో పాటే ఊడుతుంది. కప్లర్ (పెట్టెల్ని తగిలించే కొక్కెం) పక్కకి తిరిగేటప్పుడు గొట్టానికి తగులుతోందేమో వంపు మీద ఒకసారి నడిపి చూసుకోండి. తగిలితే ఎన్నిసార్లు అంటించినా ఊడుతుంది. అలాంటి గొట్టాన్ని నేనైతే డబ్బాలోనే ఉంచేస్తాను. నడిపే ఇంజిన్‌కి అందం కాస్త తగ్గినా ఫర్వాలేదు.

కిటికీకి మాత్రం పీవీఏ రకం తెల్ల జిగురు. ఆరాక పారదర్శకంగా అవుతుంది, ఆవిరి మసక ఉండదు, తేడా వస్తే ఊడదీసి మళ్లీ అంటించుకోవచ్చు.

కాబట్టి బాడీ విప్పక తప్పదు, కానీ భయపడాల్సిందేమీ లేదు. కొన్నిటికి కప్లర్ పెట్టె స్క్రూలే బాడీని పట్టుకుని ఉంటాయి, కొన్నిటికి పక్కల్లో క్లిప్పులు ఉంటాయి. మాన్యువల్‌లో చూసి మొదలుపెట్టండి. పైకి ఎత్తగానే ఆగి చూడండి, లైట్ల వైర్లు బాడీకి కట్టి ఉండొచ్చు. స్ప్రింగులున్న చోట పని అంతా పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేయండి. ట్వీజర్ నుంచి ఎగిరిన స్ప్రింగుని గదంతా వెతకడం కంటే సంచిలో వెతకడం నయం.

హెచ్ఓ కొత్తవాడు

చాలా థాంక్స్ అండీ. విప్పాను. గలగలమన్నది కిటికీ కాదు, హెడ్‌లైట్ ముందుండే లెన్స్. తెల్ల జిగురు పెట్టి ఆరబెట్టాను. హ్యాండ్‌రెయిల్ మీరన్నట్టు జారుడు రకమే. రంధ్రం శుభ్రం చేస్తే జిగురు లేకుండానే కూర్చుంది. ఇప్పుడు ఇంకో సందేహం. బాడీ స్క్రూల్లో ఒకటి ఎంత తిప్పినా బిగియడం లేదు. ఇంకా, నా దగ్గరున్న ఆవిరి ఇంజిన్‌కి చక్రాల కడ్డీని పట్టుకునే స్క్రూ నడుస్తుండగానే వదులవుతోంది. రెండింటికీ థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా మరకి రాసే ద్రవం) వేయొచ్చా?

జవాబు: లోకోషెడ్డు

బాడీ స్క్రూకి వద్దు. థ్రెడ్‌లాకర్ గాలి తగలని చోట, లోహం తగిలితేనే గట్టిపడుతుంది. ప్లాస్టిక్ మరలో అది పచ్చిగానే ఉండిపోయి, పైపెచ్చు ఏబీఎస్‌ని పగుళ్లు పట్టిస్తుంది. ముందు స్క్రూని పెట్టి వెనక్కి, అంటే విప్పే వైపుకి మెల్లగా తిప్పండి. టిక్కుమని పాత మరలోకి దిగినట్టు తెలుస్తుంది. అక్కడినుంచి బిగించండి. అలా కాకుండా కొత్త మర కోసుకుంటూ పోతే రంధ్రం పాడవుతుంది. ఇప్పటికే అరిగిపోయి ఉంటే రంధ్రంలో సన్నటి స్టైరీన్ చీలిక ఒకటి పెట్టి బిగించి చూడండి.

కడ్డీ స్క్రూ దిగేది లోహంలోకే అయితే తక్కువ పట్టు ఉన్న థ్రెడ్‌లాకర్ పర్లేదు. స్క్రూ విప్పి, మొనకి సూదితో ఒక్క చుక్క అద్ది మళ్లీ ఎక్కించండి, ట్యూబుతో నేరుగా పోయకండి. చాలా చక్రాల మధ్యభాగం ప్లాస్టిక్, అక్కడికి కారకూడదు. బిగించాక కడ్డీ స్వేచ్ఛగా ఆడుతోందా అని ఇంజిన్‌ని తలకిందులుగా ఫోమ్ మీద పెట్టి, తక్కువ కరెంట్ ఇచ్చి చూడండి. కడ్డీ బిర్రుగా ఉందనిపిస్తే అది గట్టిపడకముందే, వెంటనే విప్పి సరిచేయండి.

జవాబు: వీకెండ్ గార్డు

కిటికీలకి నేను కూడా ఇకనుంచి తెల్ల జిగురే. ఇంజిన్‌ని ఎత్తేటప్పుడు హ్యాండ్‌రెయిళ్ల దగ్గర కాకుండా కింద ఫ్యూయల్ ట్యాంక్ దగ్గర పట్టుకోండి. డబ్బాలో పెట్టేముందు పల్చటి ప్లాస్టిక్ షీట్ చుట్టండి. ఫోమ్‌కి పట్టుకుని ఊడే సన్నటి భాగాలు తక్కువేం కాదు.