డిసెంబరు 10న మానవహక్కుల సినిమాలు వేయాలి: పర్మిషన్లు, తెలుగు సబ్‌టైటిళ్లు, చర్చ ఎలా?

సందేహం:
నమస్కారం అండీ. మానవహక్కుల దినానికి విజయవాడలో రెండు రోజులు డాక్యుమెంటరీలు వేయాలనుకుంటున్నాం. టికెట్ లేదు. పారిశుధ్య కార్మికులు, ఇటుకబట్టీల కూలీలు, కాలేజీ పిల్లలు రావాలని కోరిక. 150 మంది వస్తారని అంచనా. పది సినిమాలు ఎంచాం, నాలుగు హిందీవి. కళాక్షేత్రం అడగమంటున్నారు. అనుమతులు ఏం కావాలి? ఇంకా ఏం చూసుకోవాలి?

జవాబు:
పది వద్దండీ, నాలుగు చాలు. పూటకొక సినిమా, నలభై నిమిషాల్లోపుది. దాని తర్వాత కనీసం అరగంట మాటలకి వదలండి. సినిమా చూసి కళ్లు తుడుచుకుని ఇంటికెళ్తే హక్కు గురించి తెలిసినట్టు కాదు. ఎక్కడికెళ్లి ఏ కాగితం పెట్టాలో తెలియాలి. ఆ సమయం మిగలకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా.

తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం 150 మందికి మరీ పెద్దది. ఖాళీ కుర్చీల మధ్య ఎవరూ నోరు విప్పరు. కుర్చీలు జరుపుకునే వీలున్న చిన్న హాలు చూడండి.

"టికెట్ లేదు కదా, పర్మిషన్ దేనికి" అనుకోవద్దు. ఓటీటీ ఖాతా ఇంట్లో చూడటానికే, హాల్లో వేయడానికి కాదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో విద్యాసంస్థలకి మినహాయింపు ఉంది గానీ, ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే అయితేనే. బయటి కార్మికులు వచ్చారంటే అది వర్తించదు. అందుకని తీసినవాళ్లకే రాయండి: తేదీ, ఊరు, ఎన్ని సీట్లు, ప్రవేశం ఉచితం, ఒక్కసారే వేస్తాం, తర్వాత ఫైలు చెరిపేస్తాం. జవాబు లిఖితంగా తీసుకోండి.

సెన్సార్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం డాక్యుమెంటరీలకీ వర్తిస్తుంది. సర్టిఫికెట్ లేనివి వేయాలంటే కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు కావాలి. మొదటిసారి కాబట్టి సర్టిఫికెట్ ఉన్నవే ఎంచుకుని, దాని నకలు దగ్గర పెట్టుకోండి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో సినిమాల జాబితాతో ఒక లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంకో జవాబు:
సబ్‌టైటిళ్ల గురించి చెప్తాను. సబ్‌టైటిళ్లుండే ఎస్‌ఆర్‌టీ ఫైలుని యూటీఎఫ్-8 అనే అక్షరాల ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయకపోతే తెరమీద గళ్లే వస్తాయి. అది సరిగ్గా ఉన్నా, కొన్ని ప్లేయర్లలో వత్తులు విడిపోతాయి. "స్త్రీ" కాస్తా "స్‌త్‌రీ" అయి కూర్చుంటుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్‌తో అక్షరాలని వీడియోలోనే కలిపేసి కొత్త ఫైలు చేసుకుంటే ఈ బెడద ఉండదు, కాకపోతే దానికీ తీసినవాళ్ల ఒప్పుకోలు కావాలి. ఒకసారికి రెండు వరుసలు మించకూడదు, వరుసకి 35 అక్షరాల లోపు.

పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి.

అసలు మాట ఏంటంటే, వేగంగా చదవలేనివాళ్లకి సబ్‌టైటిల్ ఉన్నా లేనట్టే. హిందీ సినిమాలకి ఒకరు మైకులో తెలుగు చెప్తే మేలు. మాటలు నిమిషం, సెకనుతో సహా పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి, చిన్న లైటు ఇచ్చి, రెండుసార్లు చదివించండి. ఆయన మాట్లాడేటప్పుడు సినిమా శబ్దం పావువంతుకి తగ్గించాలి, పూర్తిగా కట్టేయకూడదు. ఏడుపుకి, అరుపుకి అనువాదం అక్కర్లేదు.

ఇటుకబట్టీల్లో పనిచేసేవాళ్లలో చాలామంది ఒడిశా నుంచి వచ్చినవాళ్లే. తెలుగులో చదివి వినిపించినా వాళ్లకి అందదు, ఒడియా మాట్లాడేవాళ్లని పెట్టుకోండి.

సందేహం అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. షో సాయంత్రం ఆరున్నరకి పెడదామనుకున్నాం. చర్చకి ఇద్దరు పెద్దల్ని పిలిచి సన్మానం కూడా అనుకున్నాం. సరేనా?

జవాబు:
సన్మానం మానుకోండి. శాలువా, మెమెంటో, రెండు ఉపన్యాసాలు అయ్యేసరికి మీ అరగంట అయిపోతుంది. వేదిక లేకుండా ఎనిమిదేసి మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, "ఇలాంటిది మన దగ్గర జరిగితే మొదట ఎవరికి చెప్తారు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలు.

తెల్లవారకముందే చీపురు పట్టేవాళ్లని రాత్రి తొమ్మిదింటిదాకా ఉంచడం న్యాయం కాదు. వాళ్లకి మధ్యాహ్నం మూడింటికి, విద్యార్థులకి ఉదయం పదిన్నరకి పెట్టండి.

తలుపు దగ్గర ఒక బల్ల వేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ముందే లేఖ రాసి వాలంటీర్‌ని పంపమని అడగండి. ఉచిత న్యాయసహాయం నంబరు 15100. కరపత్రంలో గాలిమాటలు కాకుండా ఇలాంటివి వేయండి: రాష్ట్ర మానవహక్కుల కమిషన్ కర్నూలులో ఉంది, ఘటన జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేయాలి. మురుగు కాలువలో దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 10 లక్షలే. వెట్టిచాకిరీ మీద 1976 చట్టం కింద కలెక్టర్‌కి అర్జీ పెట్టుకోవచ్చు.

ఫొటోల దగ్గర జాగ్రత్త. బట్టీ కూలీ ముఖం ఫేస్‌బుక్‌లో కనబడితే మేస్త్రీ మర్నాడే పనిలోంచి తీసేయొచ్చు. వెనకనుంచి తీయండి, సంతకాల రిజిస్టర్ వద్దు, తలలు లెక్కపెట్టుకుంటే చాలు. అత్యాచార బాధితుల పేరు, ఆనవాలు బయటపెట్టడం నేరం, పిల్లల విషయంలో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం 23వ సెక్షన్ కింద కూడా నేరమే. బాధితుల్ని లేపి మాట్లాడమని అడగవద్దు.

ఇంకో జవాబు:
తెర, శబ్దం గురించి రెండు మాటలు. 12 అడుగుల వెడల్పు బొమ్మకి 4,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టర్ తీసుకోండి. మామూలు ప్రొజెక్టర్ తెరకి సుమారు 18 అడుగుల దూరంలో ఉండాలి, కుర్చీలు సర్దేముందే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. మూడింటి షో కదా, పడమటి కిటికీలకి నల్లగుడ్డ కట్టాల్సిందే.

హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే శబ్దం ప్రొజెక్టర్‌లోకి పోతుంది, మైకుసెట్టులో వినబడదు. ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో ఆడియోని హెడ్‌ఫోన్‌కి మార్చి, అక్కడినుంచి మైకుసెట్టు మిక్సర్‌కి వైరు లాగండి. గుయ్‌మని మోగితే ఛార్జర్ పీకి చూడండి, ఆగిందంటే తేడా ఎర్తింగులో ఉన్నట్టే. అప్పుడు బ్యాటరీ మీదే నడపండి. ముందురోజు నాలుగు ఫైళ్లూ అదే హాల్లో, అదే ల్యాప్‌టాప్‌లో మొదటినుంచి చివరిదాకా నడిపి చూడండి, చివరి వరుసలో కూర్చుని.