సులోచన కెరీర్‌ని ముంచింది టాకీలేనా?

పాతరీలు: రూబీ మైయర్స్ అలియాస్ సులోచన (తర్వాత తల్లి వేషాలేసిన సులోచనా లాట్కర్ కాదు) గురించి ఎవరు రాసినా ఒకటే పాట, మూకీల్లో మహారాణి, 1931లో టాకీ రాగానే హిందుస్తానీ రాక తెరమరుగైంది అని. మన దేశంలో మొదటి టాకీ ఆలంఆరా తీసింది ఆమె కంపెనీ ఇంపీరియలే, హీరోయిన్ వేషం జుబేదాకి పోయింది, ఒప్పుకుంటా. కానీ భాష నేర్చుకుని 1932లోనే 'మాధురి' టాకీతో వచ్చేసింది కదా! 1934లో ఇందిరా ఎం.ఏ., 1935లో అనార్కలి. నెలకి 5000 రూపాయల జీతం. తెరమరుగైన మనిషికి ఎవడిస్తాడండీ అంత? పైగా సినిమాల్లోకి రాకముందు ఆవిడ టెలిఫోన్ ఆపరేటర్, అలాంటావిడకి మాటలు రావంటారు!

గోదారిగట్టు: ఎక్స్ఛేంజిలో మాట్లాడింది ఇంగ్లీషు సార్, ఉర్దూ డైలాగులు కాదు. మీరు చెప్పిన మాధురి, అనార్కలి రెండూ ఆమె పాత మూకీలే, మాటలు పెట్టి మళ్లీ తీశారు. 1927లో వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబేలో ఎనిమిది వేషాలు వేసింది, తోటమాలి, పోలీసు, చివరికి హైదరాబాదీ పెద్దమనిషి కూడా. నోరు విప్పనక్కర్లేదు కాబట్టే ఎవరైనా కాగలిగింది. టాకీలో ఆ హైదరాబాదీని ఆమె చేత పలికిస్తే మనవాళ్లు హాల్లో ఊరుకునేవారా?

పాతరీలు: మరి ఆలంఆరా హీరో మాస్టర్ విఠల్ సంగతేంటి? ఆయనకీ హిందుస్తానీ సరిగ్గా రాదు. అందుకని పాత్రని చాలాసేపు మత్తులో ఉన్నట్టు చూపించి గట్టెక్కించారు. మగాడికైతే కథే మార్చారు, ఆమెకైతే వేషమే లేకుండా చేశారు.

నాటకాలరాయుడు: మీరిద్దరూ భాష దగ్గరే ఆగిపోయారు, అసలు సమస్య పాట. అప్పటికి ప్లేబ్యాక్ లేదు, నటించేవాళ్లే పాడుకోవాలి. ఇదే ఇంపీరియల్ వాళ్లు మన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద తీసినప్పుడు లీలావతిగా ఎవరిని పెట్టారు? సురభి కమలాబాయిని. రంగస్థలం మీద పాడి పాడి ఆరితేరిన మనిషి. యాస ఏడాదిలో దిద్దుకోవచ్చేమో గానీ గొంతు ఎక్కడినుంచి తెస్తారు?

గోదారిగట్టు: ఇది పాయింటు. విఠల్‌కి కూడా ఆ వైభవం నిలవలేదు, తర్వాత మరాఠీ సినిమాలకి వెళ్లిపోయాడు. కాబట్టి ఆడా మగా తేడా వాదన నిలబడదు.

పాతరీలు: పాట విషయం కాదనను. కానీ 1935లో ఆమెకి 28 ఏళ్లే, అప్పుడు కూడా పాత హిట్లనే తిప్పి తిప్పి తీసింది కంపెనీ కాదా? 1938కల్లా ఇంపీరియల్ మూతపడింది, ఆ తర్వాత మిగిలినవి చిన్న వేషాలు. 1953 అనార్కలిలో సలీం తల్లి జోధాబాయి. 1973లో ఫాల్కే అవార్డు ఇచ్చారు లెండి, వేషాలు ఇవ్వాల్సిన రోజుల్లో ఇచ్చుంటే బాగుండేది.