టెర్మినల్‌లో ఎంటర్ నొక్కే ముందు మీరు ఏమేం సరిచూసుకుంటారు?

కొత్తఅడుగు:
కొంతకాలంగా డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) వాడుతున్నాను. వందల ఫైళ్ల పేర్లు మార్చడం, పాతవి తీసేయడం వంటి పనులు మౌస్‌తో చేస్తే తెమలడం లేదు కనుక కమాండ్ లైన్‌కు, అంటే టెర్మినల్‌లో ఆదేశాలు టైపు చేసే పద్ధతికి, అలవాటు పడాలని ఉంది. అయితే అక్కడ తొలగించిన ఫైలు చెత్తబుట్టలోకి కూడా వెళ్లదు, పోయిందంటే పోయినట్టే. రోజూ టెర్మినల్‌లోనే పనిచేసేవారు ఏ జాగ్రత్తలు పాటిస్తారో, వాటిలో నిజంగా అక్కరకు వచ్చినవి ఏవో దయచేసి చెప్పండి.

నల్లతెర:
ముందుగా ఫైళ్లను వెతికే ఫైండ్ ఆదేశం గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని వెతకడానికి మాత్రమే పనికొచ్చే సాధనమనుకుంటారు. ఫైండ్ తనకిచ్చిన షరతులను ఎడమ నుంచి కుడికి వరుసగా అమలు చేస్తుంది. 'ఫైండ్ . -నేమ్ "*.బీఏకే" -డిలీట్' అని రాస్తే ఆ పేరుకు సరిపోయిన ఫైళ్లే పోతాయి. అవే మాటలను అటూ ఇటూ మార్చి -డిలీట్‌ను ముందు, -నేమ్‌ను తరువాత రాస్తే, పేరు చూడకముందే తొలగింపు జరిగి ఫోల్డరులో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. అందుకే నేను ముందు -డిలీట్ లేకుండా నడిపి, వచ్చిన జాబితాను చివరిదాకా చదువుతాను. పొడవుగా ఉంటే, పేజీలవారీగా చూపే లెస్‌లోకి పంపుతాను. ఆ తరువాత పై బాణం మీటతో అదే ఆదేశాన్ని వెనక్కి తెచ్చుకుని చివరన -డిలీట్ చేరుస్తాను. మళ్లీ మొదటి నుంచి టైపు చేయకండి. అలా చేస్తే మీరు సరిచూసుకున్నది ఒక ఆదేశం, నడిపింది వేరొక ఆదేశం అయ్యే ప్రమాదం ఉంది.

దారపుఉండ:
నల్లతెర గారు చెప్పిన పద్ధతి, ఫోల్డర్లను మరోచోటికి కాపీ చేసే ఆర్‌సింక్‌కు ఇంకా బాగా వర్తిస్తుంది, ఎందుకంటే అందులో ఆ సౌకర్యం ముందే ఉంది. -ఎన్ ఇస్తే ఏ ఫైలునూ ముట్టుకోదు, దానికి -వి కూడా కలిపితే ఏం చేయబోతోందో వరుసగా చూపిస్తుంది. ఆ జాబితాలో 'డిలీటింగ్' అని మొదలయ్యే వరుసలను ఒక్కటీ వదలకుండా చదవాలి.

ఇక్కడ తేడా తెచ్చేది మూలం చివర ఉండే స్లాష్. 'ఫోటోలు' అని రాస్తే ఆ ఫోల్డరే గమ్యంలోకి వెళ్తుంది, 'ఫోటోలు/' అని రాస్తే దాని లోపలి ఫైళ్లు నేరుగా గమ్యంలో పడతాయి. మామూలు కాపీలో ఇది చిందరవందర దగ్గరే ఆగుతుంది. కానీ --డిలీట్ కూడా ఇచ్చి ఉంటే, స్లాష్ ఉన్నప్పుడు గమ్యం మొత్తాన్ని మూలంతో పోల్చి, మూలంలో లేనివన్నీ తీసేస్తుంది. అంటే బ్యాకప్ డిస్కులో పక్కనే ఉన్న పాటలు, పత్రాలు కూడా పోతాయి. స్లాష్ లేనప్పుడు గమ్యంలోని 'ఫోటోలు' ఫోల్డరు వరకే ఆ తొలగింపు పరిమితమవుతుంది. ట్యాబ్ మీటతో పేరు పూర్తిచేస్తే షెల్ (మన ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రాము) తనంతట తానే స్లాష్ పెడుతుంది కాబట్టి ఇది మన కంట పడకుండా జరిగిపోతుంది.

పాతకీబోర్డు:
ఫైళ్లను తొలగించే ఆర్‌ఎం ఆదేశం విషయంలో తేలికైన ఉపాయం ఉంది. బాష్ షెల్ అమరికలుండే బాష్‌ఆర్‌సీ ఫైలులో ఆర్‌ఎంను 'ఆర్‌ఎం -ఐ'కి ఏలియాస్‌గా (మారుపేరుగా) రాసుకుంటే ప్రతి ఫైలుకూ అడిగి తీస్తుంది. కొత్తవారికి ఇదే మంచిదని నా అభిప్రాయం.

నల్లతెర:
పాతకీబోర్డు గారు, ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. ఆ ఏలియాస్‌కు అలవాటు పడిన చేయి, అది లేని సర్వర్‌లోకి వెళ్లినప్పుడు కూడా అడుగుతుందిలే అన్న భరోసాతోనే ఆర్‌ఎం కొడుతుంది. పైగా నలభై ఫైళ్లకు నలభై సార్లు అడిగితే ఎవరైనా చదవడం మానేసి వై నొక్కుతూ పోతారు. లినక్స్‌లో ఉండే జీఎన్‌యూ రకం ఆర్‌ఎంలో పెద్ద అక్షరపు ఐ ఐచ్ఛికం (ఆప్షన్) ఉంది. మూడు కంటే ఎక్కువ ఫైళ్లున్నా, ఫోల్డరును లోపలి వాటితో సహా తీయమన్నా అది ఒకే ఒక్కసారి అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నను మనిషి శ్రద్ధగా చదువుతాడు. ఏలియాస్ పెట్టి తీరాలనుకుంటే దానికి వేరే పేరు పెట్టండి, ఆర్‌ఎం అర్థాన్ని మాత్రం మార్చకండి.

వరుసరాత:
ఆర్‌ఎం అంటే అందరూ భయపడతారు గానీ, నేను చూసినంతలో ఎక్కువ ఫైళ్లను తుడిచిపెట్టేది, ఆదేశపు ఫలితాన్ని తెరమీదికి బదులు ఫైలులోకి పంపే '>' గుర్తు. 'సార్ట్ జాబితా > జాబితా' అంటే అదే ఫైలు క్రమంలోకి వస్తుందని అనిపిస్తుంది. కానీ సార్ట్ మొదలయ్యే ముందే షెల్ ఆ ఫైలును రాయడానికి తెరిచి ఖాళీ చేస్తుంది; ఆ తరువాత సార్ట్‌కు చదవడానికి ఏమీ మిగలదు. దీనికి సార్ట్‌లోనే -ఓ ఐచ్ఛికం ఉంది, అది మొత్తం చదివాకే రాస్తుంది. బాష్‌లో 'సెట్ -ఓ నోక్లాబర్' పెట్టుకుంటే ఉన్న ఫైలు మీద '>' రాయడానికి షెల్ ఒప్పుకోదు. పాఠ్యాన్ని మార్చే సెడ్‌తో ఫైలును ఉన్నచోటే మార్చేటప్పుడు '-ఐ.బీఏకే' అని కలిపి రాయండి, పాత ప్రతి పక్కనే నిలుస్తుంది. ఈ రూపం లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది.

కొత్తఅడుగు:
అందరికీ ధన్యవాదాలు. నా ఫైళ్ల పేర్లలో చాలావరకు ఖాళీలు ఉన్నాయి, కొన్ని తెలుగులో ఉన్నాయి. ఫైండ్ ఇచ్చిన జాబితాను, పేర్లను మరో ఆదేశానికి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కు పంపితే 'అలాంటి ఫైలు లేదు' అంటోంది. పొడవైన తెలుగు పేరు పెడితే 'పేరు మరీ పెద్దది' అంటోంది.

దారపుఉండ:
మొదటిది సులభంగా తేలుతుంది. ఎక్స్‌ఆర్గ్స్ ఖాళీ దగ్గర పేరును విరగ్గొడుతుంది. ఫైండ్‌కు -ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌కు -0 ఇస్తే పేర్ల మధ్య శూన్య బైటు వస్తుంది. ఫైలు పేరులో ఎన్నడూ ఉండలేనివి ఆ బైటు, స్లాష్ మాత్రమే కనుక ఇక పొరపాటుకు తావుండదు. స్క్రిప్టులో (ఆదేశాలు వరుసగా రాసిన ఫైలులో) అయితే చరరాశిని (వేరియబుల్‌ను) ఎప్పుడూ జంట కొటేషన్లలో రాయండి, తప్పులు చూపే షెల్‌చెక్‌తో ఒకసారి పరీక్షించండి.

వరుసరాత:
రెండోదానికి కారణం అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతి. ఈఎక్స్‌టీ4లో (లినక్స్ డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. 'స్త్రీ' తెరమీద ఒకే అక్షరంలా కనిపించినా లోపల ఆరు సంకేతాలు, 18 బైట్లు. కావాలంటే 'ప్రింట్‌ఎఫ్ స్త్రీ | డబ్ల్యూసీ -సీ' నడిపి చూడండి, అది బైట్లను లెక్కించి 18 అని చూపుతుంది. -సీ బదులు సంకేతాలను లెక్కించే -ఎం ఇస్తే, లొకేల్ (భాషా అమరిక) యూటీఎఫ్-8లో ఉన్నప్పుడు 6 వస్తుంది. అంటే తెలుగు పేరుకు 85 సంకేతాలే హద్దు, ఫైలు రకాన్ని తెలిపే తోకకు అందులోనే చోటు మిగల్చాలి.

పాతకీబోర్డు:
ఏలియాస్ గురించి నల్లతెర గారి వాదన సబబుగానే ఉంది. మరొకటి చేరుస్తాను. వెబ్ పేజీలోని ఆదేశాన్ని కాపీ చేసి నేరుగా టెర్మినల్‌లో అతికించకండి. కంటికి కనిపించని పాఠ్యం దానితోపాటు రావచ్చు, చివర కొత్త వరుస ఉంటే మీరు ఎంటర్ నొక్కకుండానే నడిచిపోవచ్చు. 2020లో వచ్చిన బాష్ 5.1 నుంచి అతికించినది వెంటనే నడవకుండా ఆగే ఏర్పాటు సహజంగానే ఉంది, పాత యంత్రాల్లో మాత్రం నమ్మలేము. నెట్ నుంచి కర్ల్‌తో తెచ్చిన స్క్రిప్టును పైపు ద్వారా నేరుగా షెల్‌కు పంపమని చెప్పే సూచనలూ అంతే. ముందు ఫైలుగా దించుకుని, తెరిచి చదివి, ఆ తరువాతే నడపండి. తెలియని ఐచ్ఛికం కనిపిస్తే ఆ ఆదేశపు సహాయ పత్రమైన మ్యాన్ పేజీ చూడండి, ఎందుకంటే అది మీ యంత్రంలో ఉన్న వెర్షన్ గురించే చెబుతుంది.

నల్లతెర:
కొత్తఅడుగు గారు, పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ నుంచి ఒక ఫోల్డరును వేరే చోటికి తిరిగి తెచ్చి, 'డిఫ్ -ఆర్'తో అసలుతో పోల్చి చూడండి. తేడా లేకపోతే డిఫ్ ఏమీ చెప్పకుండా ముగుస్తుంది. అప్పుడే -డిలీట్ జోలికి వెళ్లండి.