మద్యం ముట్టని అతిథులకు హెర్బ్ చీజ్ ఫాండ్యూ: వైన్ లేకుండా కుదురుతుందా, కుదరదా?

నెమ్మదిసెగ
ఇంటికొచ్చే 6 మంది అతిథులకు హెర్బ్స్ (వాసన ఆకులు) వేసిన చీజ్ ఫాండ్యూ, అంటే కరిగించిన చీజ్‌లో బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినే స్విస్ వంట, పెట్టాలి. వాళ్లలో సగం మంది మద్యం ముట్టరు, ఇద్దరు శుద్ధ శాకాహారులు. వైన్ తీసేస్తే చీజ్ విరుగుతుందని, ఒకవేళ విరక్కపోయినా అది ఫాండ్యూ కాదు ఒట్టి చీజ్ సాసేనని కొందరంటారు. వైన్ రుచికే తప్ప పనికి కాదని మరికొందరంటారు. ఏది నిజం? ఇంకో సంగతి, హెర్బ్స్ మొదట్లో వెయ్యాలా, దించేముందు వెయ్యాలా? "మా ఇంట్లో బాగానే వచ్చింది" అని వదిలేయకుండా కొలతలు, కారణాలు చెప్పండి.

చెర్రీసారా
వైన్ లేకపోతే ఫాండ్యూ లేదు. 1699 నాటి జ్యూరిక్ వంట పుస్తకంలోనే చీజ్‌ని వైన్‌తో వండే పద్ధతి ఉంది. అసలు కొలత ఇదీ: భోజనంగా అయితే మనిషికి 200 గ్రాముల చీజ్. మన దగ్గర దీని తర్వాత బిర్యానీ కూడా ఉంటుంది కాబట్టి 100 గ్రాములు చాలు, అంటే 6 మందికి 600. గ్రూయేర్ 300, ఎమెంటల్ 300 (రెండూ గట్టి స్విస్ చీజ్‌లు) తీసుకుంటే స్విట్జర్లాండ్‌లోని నోషాటెల్ పద్ధతి. గ్రూయేర్ సగం, వాషరాన్ (ఇంకో స్విస్ చీజ్) సగం అయితే అక్కడిదే ఫ్రిబూర్ ప్రాంతం వాళ్ల "మ్వాతియే-మ్వాతియే", అంటే సగం-సగం. తీపి లేని తెల్ల వైన్ 280 మి.లీ., కార్న్‌ఫ్లోర్ 15 గ్రాములు, వెల్లుల్లి ఒక రెబ్బ, జాజికాయ చిటికెడు, మిరియాల పొడి, చివర్లో ఒక చెంచా కిర్ష్ (చెర్రీ పండ్ల సారా).

గిన్నె లోపల వెల్లుల్లి రుద్ది వైన్ పోయండి. అంచుల్లో చిన్న బుడగలు రాగానే మంట సిమ్‌కి తగ్గించండి. తురుముకి ముందే కార్న్‌ఫ్లోర్ పట్టించి ఉంచుకుని గుప్పెడు గుప్పెడు వెయ్యాలి, ఒక గుప్పెడు కరిగాకే ఇంకోటి. గరిటెని గుండ్రంగా కాకుండా 8 అంకె వేసినట్టు తిప్పాలి. గుండ్రంగా తిప్పితే నడిమధ్య చీజ్ కదలదు, అక్కడే ఉండ కడుతుంది.

పులుపులెక్క
చెర్రీసారా గారూ, విధానంలో వంక పెట్టడానికేం లేదు. వైన్ అక్కడ చేస్తున్న పనేంటో మాత్రం విడదీసి చూద్దాం. చీజ్‌లో కేసీన్ అనే ప్రొటీన్‌ని కాల్షియం గట్టిగా పట్టి ఉంచుతుంది. వేడి తగలగానే ఆ ప్రొటీన్ బిగుసుకుని కొవ్వుని బయటికి నెడుతుంది, నూనె తేలేది అందుకే. వైన్‌లోని టార్టారిక్ ఆమ్లం ఆ కాల్షియంలో కొంత లాగేస్తుంది. పట్టు సడలిన ప్రొటీన్ కొవ్వు బొట్ల చుట్టూ పరుచుకుని వాటిని నీళ్లలో నిలబెడుతుంది. నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లమూ అదే పని చేస్తుంది. ఆల్కహాల్‌కి ఇందులో పెద్ద పాత్ర లేదు.

లెక్క చూడండి. తీపి లేని తెల్ల వైన్‌లో లీటరుకు సుమారు 6 గ్రాముల ఆమ్లం ఉంటుంది. 280 మి.లీ.లో దాదాపు 1.7 గ్రాములు. మన చిన్న నిమ్మకాయ రసంలో ఆమ్లం దగ్గరదగ్గర 6 శాతం, అంటే 30 మి.లీ. రసం సరిపోతుంది. రెండు కాయలు పిండితే చాలు. 250 మి.లీ. నీళ్లు, 30 మి.లీ. నిమ్మరసం. కిర్ష్ కూడా మానేయండి, మీరు రాసిన మిగతా కొలతల్లో ఏదీ మార్చక్కర్లేదు.

ఇంకో మాట. ఫ్రిబూర్‌లోనే ఒక్క వాషరాన్‌తో చేసే ఫాండ్యూ ఉంది. దాన్ని నీళ్లతోనే చేస్తారు, చాలా సన్న సెగ మీద, ఉడుకు రానివ్వకుండా. దాన్ని "ఫాండ్యూ కాదు" అని ఆ ఊళ్లో చెప్పి చూడండి.

చెర్రీసారా
వాషరాన్ మెత్తటి చీజ్, తేమ ఎక్కువ, సన్న సెగకే కరుగుతుంది. దాన్ని చూపించి గ్రూయేర్‌కి నీళ్లు పొయ్యమంటే ఎలా? విరగకపోవచ్చు, ఒప్పుకుంటాను. రుచి సంగతేంటి? నీళ్లు, నిమ్మరసం కలిపితే కొస పులుపు తప్ప వెనక ఏమీ ఉండదు.

కరివేపరెమ్మ
తెల్ల ద్రాక్ష రసం పోస్తే?

పులుపులెక్క
వద్దండీ. ద్రాక్ష రసంలో లీటరుకు 150 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. రెండు ముక్కలు తినేసరికి పాయసం తిన్నట్టు మొహం మొత్తుతుంది. మరీ పొయ్యాలనిపిస్తే 50 మి.లీ. దాటకండి.

రుచి విషయంలో చెర్రీసారా గారి మాట సగం నిజం. అందుకే ఒట్టి నీళ్ల బదులు పల్చటి కూరగాయల ఉడుకునీళ్లు వాడాలి: అర ఉల్లిపాయ, ఒక క్యారట్, పార్స్లీ కాడలు, 4 మిరియాలు, 400 మి.లీ. నీళ్లలో 20 నిమిషాలు మరిగించి వడకట్టండి. ఉప్పు అస్సలు వద్దు, చీజ్‌లోనే కావలసినంత ఉంది. బజారు సూప్ క్యూబులు కూడా వద్దు, అవి ఉప్పురాళ్లే. ఆల్కహాల్ తీసేసిన వైన్ దొరికితే ఆమ్లం అందులో అలాగే ఉంటుంది. కాకపోతే 0.5 శాతం వరకు ఆల్కహాల్ మిగిలి ఉండొచ్చు, వచ్చేవాళ్లకి ఆ ముక్క చెప్పాలి.

చెర్రీసారా
వైన్ ఎలాగూ మరుగుతుంది, ఆల్కహాల్ ఆవిరైపోతుంది కదా. అంత పట్టింపు దేనికి?

ఆకుపచ్చచుక్క
ఆవిరైపోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 15 నిమిషాలు సన్నగా ఉడికిన వంటలో దాదాపు 40 శాతం, అరగంట ఉడికితే 35 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. ఫాండ్యూలో వైన్ అంతసేపు కూడా ఉడకదు. పైగా కిర్ష్ దించేముందు పోస్తారు. ముట్టనివాళ్లకి "ఏం కాదులే, ఆవిరైపోయింది" అని చెప్పి పెట్టడం మోసం కిందే లెక్క.

మీరంతా వైన్ దగ్గరే ఆగిపోయారు, చీజ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏఓపీ గుర్తున్న (ఫలానా ప్రాంతంలో ఫలానా పద్ధతిలోనే చేశారని చెప్పే ముద్ర) స్విస్ గ్రూయేర్‌ని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే (పాలు గడ్డకట్టించే ఎంజైమ్) తోడేస్తారు. ఇటలీ అసలు పార్మెజాన్ (పార్మిజానో రెజ్జానో) కూడా అంతే. శుద్ధ శాకాహారులకు వైన్ మానేసి గ్రూయేర్ పెడితే ఏం లాభం? ఇక్కడైతే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి గౌడా 350 గ్రాములు, ఎమెంటల్ తరహాది 250 తీసుకోండి. అమెరికాలో చుక్క ఉండదు కాబట్టి పదార్థాల పట్టిక చదవాలి. "మైక్రోబియల్" లేదా "వెజిటబుల్" రెన్నెట్ అని రాసుంటే సరే. ఒట్టి "ఎంజైమ్స్" అని ఉంటే దేన్నుంచి తీశారో తేలదు, వదిలేయడం మేలు.

మోజరెల్లా కలపకండి. తీగలు సాగి మీసాలకి చుట్టుకోవడం తప్ప ఒరిగేదేం లేదు. పనీర్ అసలే కరగదు. పాలు విరగ్గొట్టేటప్పుడే ఆమ్లం దాని కాల్షియాన్ని కొంత కాదు, చాలావరకు లాగేసింది, ప్రొటీన్ ఒకదానికొకటి అతుక్కుపోయింది, ఎంత వేడి చేసినా రవ్వరవ్వగానే ఉంటుంది. తురిమి అమ్మే ప్యాకెట్ చీజ్ కూడా వద్దు. అతుక్కోకుండా పట్టించిన పొడి వల్ల ఫాండ్యూ గరుకుగా వస్తుంది.

కాడలుపారెయ్యకు
హెర్బ్స్ సంగతికి వస్తాను. మొదట్లోనా చివర్లోనా అన్న ప్రశ్నే తప్పు. గట్టి ఆకు వేరు, మెత్తటి ఆకు వేరు.

థైమ్, రోజ్‌మేరీ, సేజ్ గట్టివి. వీటి వాసన నూనెలో ఉంటుంది, బయటికి రావడానికి వేడీ సమయమూ కావాలి. థైమ్ 3 రెమ్మలు, రోజ్‌మేరీ వేలెడంత ఒకటి, నిమ్మరసం కలపని మీ 250 మి.లీ. ద్రవంలోనే వేసి 5 నిమిషాలు సన్నగా కాచి, మూతపెట్టి 10 నిమిషాలు ఉంచి తీసేయండి. రోజ్‌మేరీ ఆకు ఫాండ్యూలో మిగిలితే పంటికి పుల్లలా తగులుతుంది. నిమ్మరసం మాత్రం రెమ్మలు తీసేశాకే కలపండి.

పార్స్లీ, ఉల్లికాడల పచ్చభాగం (చైవ్స్ దొరక్కపోతే ఇవే), సోయాకూర మెత్తటివి. వీటిని దించేముందు నిమిషంలోనే వెయ్యాలి. పాలకూర పప్పులో చింతపండు పులుసు పొయ్యగానే ఆకు నిగనిగ పోయి కాకీ రంగుకి తిరుగుతుంది చూశారా, ఫాండ్యూలోనూ అదే జరుగుతుంది. వేడిలో ఆమ్లం ఆకుపచ్చని చంపేస్తుంది. 600 గ్రాముల చీజ్‌కి సన్నగా తరిగిన ఉల్లికాడలు 2 పెద్ద చెంచాలు, పార్స్లీ 1 పెద్ద చెంచా, సోయాకూర 1 చిన్న చెంచా. అంతకు మించితే పచ్చడిలా ఉంటుంది.

అందరూ తప్పుచేసేది కడిగిన ఆకు దగ్గర. తడి ఆకు తరిగితే కత్తిపీట మీద ఆకుపచ్చ నీళ్లు కారతాయి. అవి చీజ్‌లో పడితే చారలు కట్టి అక్కడక్కడా పల్చబడుతుంది. గంట ముందే కడిగి గుడ్డమీద ఆరబెట్టండి, చేత్తో తీస్తే తడి అంటకూడదు. పదునైన కత్తితో ఒకసారే తరగాలి. మిక్సీ వద్దు.

బాసిల్ నల్లబడుతుంది, మానేయండి. ఎండు హెర్బ్స్ అయితే తాజావాటిలో మూడో వంతు, ద్రవంలోనే.

కరివేపరెమ్మ
థైమ్ దొరకని ఊళ్లో కొత్తిమీర, కరివేపాకు వాడొచ్చు కదా?

కాడలుపారెయ్యకు
కొత్తిమీర పార్స్లీ లెక్కనే, చివర్లో వేసుకోవచ్చు. కరివేపాకు వద్దు, గౌడా తీపికి దానికి పొత్తు కుదరదు. థైమ్‌కి మన ఇళ్లలోనే బదులు ఉంది: వామాకు. థైమ్‌కి, వాముకి ఆ ఘాటు థైమాల్ వల్ల వస్తుంది, వామాకు వాసన కూడా ఆ దారిలోదే. దళసరి ఆకు, నిండా నీళ్లుంటాయి కాబట్టి తరిగి చీజ్‌లో వెయ్యకూడదు. 3 ఆకులు నలిపి ద్రవంలో 5 నిమిషాలు ఉంచి తీసేయాలి. నాలుగో ఆకు వేశారంటే దగ్గు మందే.

చెర్రీసారా
వామాకు ఫాండ్యూ! ఇంక స్విట్జర్లాండ్ వాళ్లకి చెప్పకండి.

పులుపులెక్క
వాళ్లకి చెప్పాల్సింది ఇంకోటుంది. దీన్ని దేశపు వంటగా దేశమంతా ప్రచారం చేసింది 1930లలో అక్కడి చీజ్ యూనియన్, సరుకు అమ్ముకోవడానికి. "అసలుది" అన్న మాటలో ప్రకటనల పాలు కూడా ఉంది.

నెమ్మదిసెగ
అడగడం మరిచిన సందేహం: ఎంగిలి. ఒకే గిన్నెలో అందరూ ఫోర్క్ ముంచడం పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే?

ఆకుపచ్చచుక్క
పద్ధతి ప్రకారం చేస్తే ఎంగిలి కాదు. పొడుగాటి ఫోర్క్ ముంచడానికే, నోటికి తగలకూడదు. ముక్కని పళ్లెంలోకి దించుకుని మామూలు ఫోర్క్‌తో తినాలి. ఒక్కొక్కరికి రెండేసి ఫోర్క్‌లు పెట్టి, కూర్చోగానే చెప్పేయండి. అయినా మనసొప్పదనుకుంటే విడివిడి గిన్నెలే.

పులుపులెక్క
విడి గిన్నెలైతే కార్న్‌ఫ్లోర్ పద్ధతి నిలబడదు, 5 నిమిషాల్లో మీద పెంకు కట్టి బిగుస్తుంది. అక్కడ సోడియం సిట్రేట్ అనే లవణం కావాలి. అది కెమికల్ అని ఉలిక్కిపడకండి, 1911లో స్విట్జర్లాండ్‌లోని థూన్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ ఎమెంటల్‌ని ప్రాసెస్డ్ చీజ్‌గా మార్చింది దీంతోనే. చీజ్ బరువులో 2 శాతం, అంటే 600 గ్రాములకి 12 గ్రాములు.

దొరక్కపోతే ఇంట్లో చేసుకోవచ్చు. వంట సోడా 12 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం పొడి) 9 గ్రాములు. చెంచా లెక్క కాదు, త్రాసు మీద తూచాలి. పెద్ద గిన్నెలో నిమ్మరసం కలపని 280 మి.లీ. ఉడుకునీళ్లు పోసి రెండూ కొద్దికొద్దిగా కలపండి. బుసబుస పొంగుతుంది. బుడగలు పూర్తిగా ఆగాక వేడి చేసి చీజ్ వెయ్యండి. కార్న్‌ఫ్లోర్ వద్దు. ఇందులో మళ్లీ నిమ్మరసం పిండకండి, పులుపు ఎక్కువైతే ప్రొటీన్ గరుకెక్కుతుంది. చల్లారినా విరగదు, మళ్లీ వేడి చేసుకోవచ్చు. కాస్త ఉప్పగా అనిపిస్తుంది, అది దీని లోపమే.

చెర్రీసారా
దాని రుచి చీజ్ స్లైస్‌ని కరిగించినట్టు ఉంటుంది. విడి గిన్నెలకే ఉంచండి, నడిమధ్య గిన్నె పెట్టే చోట వద్దు.

పులుపులెక్క
ఈ ఒక్కదానికి ఒప్పుకుంటాను.

నెమ్మదిసెగ
గిన్నె, మంట?

చెర్రీసారా
మందపాటి అడుగున్న మట్టి లేదా పింగాణీ పూత ఇనుప గిన్నె. పల్చటి స్టీలు అడుగంటుతుంది. బల్లమీద చిన్న కొవ్వొత్తి చాక్లెట్‌కే చాలుతుంది, చీజ్‌కి చాలదు. క్యాటరింగ్ వాళ్లు పళ్లేల కింద పెట్టే జెల్ ఇంధనం డబ్బా వాడి, మూతతో మంట తగ్గించండి. మండుతున్నప్పుడు గానీ వేడిగా ఉన్నప్పుడు గానీ ఇంధనం నింపకూడదు. చీజ్ సోమరిగా ఒక్కో బుడగ వెయ్యాలి, అంతే. కుతకుత ఉడికితే పోయినట్టే.

బ్రెడ్ నిన్నటిది, పెంకు గట్టిగా ఉన్నది. ప్రతి ముక్కకీ ఓ పక్క పెంకు ఉండేలా కొయ్యాలి, ఫోర్క్ మెత్తటి వైపు నుంచి గుచ్చి పెంకులో దిగబడాలి. శాండ్‌విచ్ బ్రెడ్ గిన్నెలో రాలిపోతుంది. పక్కన ఉడికించిన చిన్న ఆలుగడ్డలు, కాలీఫ్లవర్ రెబ్బలు. ఉడికించాక నీళ్లు పూర్తిగా ఆరాలి.

కరివేపరెమ్మ
ఫాండ్యూతో చల్లటి నీళ్లు తాగితే కడుపులో చీజ్ గడ్డ కడుతుందంటారు. నిజమా?

పులుపులెక్క
కాదు. జ్యూరిక్ వైద్యులు 20 మందికి ఫాండ్యూ పెట్టి, దాంతో వైన్ ఇచ్చి, టీ ఇచ్చి పోల్చి చూశారు (2010, బ్రిటిష్ మెడికల్ జర్నల్). వైన్ తాగినప్పుడే కడుపు ఖాళీ కావడం నెమ్మదించింది.

చెర్రీసారా
ఇది కూడా నా మీదికే వచ్చిందా! సరే, విరిగితే ఏం చెయ్యాలో చెప్పి పోతాను. నూనె తేలితే మంట బాగా ఎక్కువైందని అర్థం. పొయ్యి మీంచి దించి, చెంచా కార్న్‌ఫ్లోర్‌ని చెంచా నిమ్మరసం, రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లలో కలిపి పోసి విస్క్‌తో గట్టిగా కొట్టండి. సన్న సెగ మీద రెండు నిమిషాల్లో కలుస్తుంది. అడుగున ముద్ద, పైన నీళ్లుగా విడిపోతే చీజ్ ఫ్రిజ్‌లోంచి నేరుగా వేసి ఉంటారు, లేదా ఒకేసారి పోసి ఉంటారు. దానికీ ఇదే మందు. చిక్కబడితే వేడి ద్రవం చెంచాడు చెంచాడుగా పొయ్యండి, చన్నీళ్లు పోస్తే బిగుస్తుంది.

అడుగున మిగిలిన పల్చటి పొరని కడిగేయకండి. ఆఖరి రెండు చెంచాలు ఉన్నప్పుడే మంట మీద వదిలేస్తే బంగారు రంగు పెచ్చు కడుతుంది, అట్లకాడతో లేపి అందరికీ పంచాలి. స్విస్ వాళ్లు "రెలిజ్యూజ్" అంటారు. పాలగిన్నె గోకుడు ఇష్టమైనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కాడలుపారెయ్యకు
హెర్బ్స్ వేసిన ఫాండ్యూలో ఆ పెచ్చు జాగ్రత్త, ఆకు చీజ్ కంటే ముందు మాడి చేదెక్కుతుంది. పెచ్చు కావాలనుకుంటే మెత్తటి ఆకుల్లో సగం గిన్నెలో వెయ్యకుండా పళ్లెంలో విడిగా పెట్టండి, ముంచిన ముక్కకి ఎవరికి వాళ్లు అద్దుకుంటారు.