దసరా సెలవుల్ల పిల్లలకు దయ్యం కథలు: ఎంత భయం పెట్టాలె?

గునుగుపువ్వు: హన్మకొండల మా గల్లీ పిల్లలకు పెత్రమాస నుంచి సద్దుల బతుకమ్మ దాకా రోజుకో దయ్యం కథ రాసి చదివి వినిపిద్దామనుకుంటున్నం. వయసు ఏడు నుంచి పదేండ్లు. హాలోవీన్ లెక్క గుమ్మడికాయ మొఖం, చీపురెక్కిన ముసలామె పెట్టొచ్చా? ఎంత పొడుగు రాయాలె?

చెరువుకట్ట: ఆగి ఆగి చదివితే 400 మాటలకు ఐదారు నిమిషాలు పడుతది. అంతకు మించితే చిన్నోళ్లు కదులుడు మొదలుపెడతరు.

గుమ్మడికాయ మొఖం ఐర్లండ్ల టర్నిప్ దుంప తొలిచి దీపం పెట్టే అలవాటు. అమెరికాకు పోయినంక గుమ్మడికాయ అయింది. మనకు దర్వాజకు కట్టిన బూడిద గుమ్మడికాయ ఉండనే ఉన్నది. బొట్లు పెట్టి ఉంటయి, కింద నుంచి వెలుతురు పడితే సగం మొఖం లెక్క కనబడ్తది. పాతబడితే లోపల కుళ్లి ఒక్కో చుక్క గడప మీద కారుతది. ఆ "టప్" చప్పుడుతోనే కథ ఎత్తుకోండి.

ఇంకోటి, చంద్రుడు. బతుకమ్మ రాత్రులకు నిండు వెన్నెల రాసేటోళ్లు శానామంది. ఎంగిలిపూల నాడు అమాస, చంద్రుడే ఉండడు. అలిగిన బతుకమ్మకు మామూలుగ పంచమి, పదింటిలోపే మునుగుతడు. సద్దులకు అష్టమి, సగం చంద్రుడు, అర్ధరాత్రి దాకా ఉంటడు. కథల పిల్లకు ఎంత వెలుతురు దొరుకుతదో తిథే చెప్తది.

తాటివనం: దయ్యాన్ని చప్పుడుతో తయారుచేయండి, రూపం ఆఖరుకు. తాటిచెట్టు మీద వదిలేసిన ఖాళీ లొట్టి (కల్లు కుండ) మూతి మీదుగ గాలి కోసుకుంటూ పోతే "ఊ..." అని మోగుతది. గాలి వాటం కుదిరితేనే, అందుకే ఓ రాత్రి వినబడ్తది, ఓ రాత్రి వినబడదు. ఈ నెలల వానలకు లొట్టిల నీళ్లు చేరినకొద్దీ లోపల గాలి తగ్గి, గొంతు సన్నబడ్తది. మొదటి రాత్రి లావు గొంతు, వాన పడ్డ మర్నాడు సన్న గొంతు: "దయ్యం చిన్నదైందా?" అని పిల్లే అడగాలె. తర్వాత ఖాళీ నీళ్ల సీస మూతి మీద ఊది, కొన్ని నీళ్లు పోసి మళ్ల ఊదితే గుట్టు తెలుస్తది. కథ విన్నోళ్లు కూడ ఇంట్ల చేసి చూసుకుంటరు.

నీళ్ల సీసను కథ మొదట్లనే పిల్ల చేతిల పెట్టుండ్రి. ఆఖర్ల కొత్తగ తెస్తే మోసం చేసినట్టయితది. "అంతా కల" అని ముగిస్తే ఇంకా అన్యాయం.

మాటల విషయం: "భయంకరమైన చీకట్ల భీకరమైన శబ్దం" అంటే ఎవ్వరికీ ఏం కాదు. "అప్పటిదాంక మొరిగిన కుక్క చప్పున ఊకున్నది" అనండి, చాలు.

పలకబలపం: గునుగుపువ్వక్కా, ముసలామె సంగతి ఎవ్వరూ ఎత్తలేదు. దయచేసి పెట్టకండి. ఊరి చివర ఒంటరిగ ఉండే ముసలామెను మంత్రగత్తెగ రాస్తే, బాణామతి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల మనది. పిల్లలు కథలున్న ముసలామెను తమ వాడల వెతుక్కుంటరు. అదే ముసలామెకు కథల చప్పుళ్ల గుట్టు తెలుసని రాయండి, పిల్ల ఆమె దగ్గరికే ఉరుకుతది.

బావిలకు ఒంగి చూసే పిల్లను, రాత్రి చెరువుకు ఒంటరిగ పోయే పిల్లను కూడ రాయొద్దు. విన్నోళ్లు మర్నాడు అదే చేస్తరు. పత్తిచేను గట్టు మీద ఆపండి. పగిలిన కాయలు చీకట్ల తెల్లగ మెరుస్తయి, అంతకంటె ఏం గావాలె?

గునుగుపువ్వు: మంచి మాట చెప్పిండ్రు, ముసలామెను మార్చి రాస్త. మరి ప్రతిదాని గుట్టు విప్పాల్నా?

చెరువుకట్ట: ఏడేండ్లోళ్లకు విప్పాలె, లేకుంటే నిద్రపోరు. పదేండ్లోళ్లకు ఒక్కటి వదలొచ్చు, కానీ బెదిరించేది కావొద్దు. అలిగిన బతుకమ్మ నాడు ఎవ్వరూ బతుకమ్మ పేర్చరు. తెల్లారి చూస్తే ఖాళీ తాంబాళంల ఒక్క తంగేడు పువ్వు తడిగ ఉన్నది. ఎవరు పెట్టిండ్రో చెప్పకండి.

తాటివనం: ఎనిమిది కథలే రాయండి. సద్దుల రాత్రి పిల్లలు చెరువు కాడి నుంచి వచ్చేసరికి పొద్దుపోతది, మలీద తిని అట్లనే ఒరుగుతరు.