కార్టిమాండువా రోమన్ల పక్షాన ఎందుకు నిలబడింది?

ప్రశ్న: ఇంగ్లండ్ ఉత్తరాన ఇప్పటి యార్క్‌షైర్ చుట్టుపక్కల ఉండే బ్రిగాంటెస్ గురించి చదువుతున్నా, చిన్న చిన్న తెగలన్నీ కలిసిన పెద్ద కూటమి అంట. వాళ్ల రాణి కార్టిమాండువా క్రీ.శ. 51లో శరణు కోరి వచ్చిన కారటకస్‌ని (రోమన్లతో పోరాడి ఓడిపోయిన బ్రిటన్ నాయకుడు) రోమన్లకి అప్పజెప్పేసింది, అంత పని ఎందుకు చేసిందండీ?

జవాబు 1: ఆవిడ అప్పటికే రోమ్‌తో ఒప్పందంలో ఉంది కదా, అతన్ని దాచిపెడితే సైన్యం నేరుగా ఈవిడ మీదకే వచ్చేది. ద్రోహి అనేస్తారు గానీ దాదాపు ఇరవై ఏళ్లు తన రాజ్యాన్ని నిలబెట్టుకుంది, నాకైతే గొప్ప పాలకురాలే.

జవాబు 2: ఒప్పుకోను. సొంత జనంలోనే చాలామందికి అది నచ్చలేదు, పైగా భర్త వెనూటియస్‌ని వదిలేసి అతని ఆయుధాలు మోసే వెల్లోకాటస్‌ని పెళ్లి చేసుకుంది, దాంతో 69లో రోమ్ అంతర్యుద్ధంలో ఉన్న టైమ్ చూసి వెనూటియస్ తిరగబడ్డాడు, రోమన్లు ఆవిణ్ణి ప్రాణాలతో బయటికి తీసుకురాగలిగారు గానీ రాజ్యం అతనికే పోయింది.

జవాబు 3: 71లో కెరియాలిస్ బ్రిటన్‌కి రోమన్ గవర్నర్‌గా వచ్చి బ్రిగాంటెస్ మీద దండెత్తాడు, యార్క్ కోట మొదలైంది అప్పుడే. తర్వాత ఇసూరియం, అంటే ఇప్పటి ఆల్డ్‌బరో, రోమన్ల కింద బ్రిగాంటెస్‌కి ముఖ్య పట్టణం అయింది. యార్క్‌షైర్‌లోనే ఉన్న స్టాన్‌విక్ పాత కోట మట్టి గోడలు కూడా చూడండి, 700 ఎకరాలకు పైనే ఉంటుంది ఆ చోటు, రాణి ఉన్నది అక్కడే అని చాలామంది పండితుల అభిప్రాయం.