సూర్యుడు, రోజు అనే అర్థాలున్న కంజికి ఇన్ని ఉచ్చారణలు ఎందుకు? అన్నీ కంఠస్థం చేయాలా?

ఒరగడం ఉద్యోగి:
చెన్నై శివార్లలో జపాను వారి భాగస్వామ్యంతో నడిచే ఒక వాహన విడిభాగాల కర్మాగారంలో పనిచేస్తూ, డిసెంబరులో జరిగే జపనీస్ సామర్థ్య పరీక్షలో అన్నిటికన్నా తేలికైన ఎన్5 స్థాయికి సొంతంగా చదువుకుంటున్నాను. ధ్వనులను రాసే హిరగాన, కతకాన లిపులు వచ్చాయి. చైనా నుంచి వచ్చిన అక్షరాలైన కంజిలో మాత్రం, నిలువు దీర్ఘచతురస్రానికి మధ్యలో అడ్డగీత గీసినట్లుండే అక్షరం దగ్గరే ఆగిపోయాను. దానికి సూర్యుడు, రోజు అని అర్థాలు చెప్పి, కింద నిచి, జిత్సు, హి, బి, క అని అయిదు ఉచ్చారణలు ఇచ్చారు. ఆదివారాన్ని నిచియోబి అంటారు కదా, అందులో ఇదే అక్షరం మొదట నిచి అనీ చివర బి అనీ పలుకుతోంది. ‘ఈ రోజు’ అనే అర్థమిచ్చే క్యో అనే మాటలోనూ ఈ అక్షరం ఉంది గాని, పై అయిదింటిలో ఒక్కటీ అక్కడ వినబడదు. ఏది ఎక్కడ పలకాలో చెప్పే సూత్రం ఏదైనా ఉందా?

మైలాపూరు తెలుగు:
సూత్రం ఉందండీ, కాకపోతే అది అన్నిచోట్లా పనిచేయదు. చైనా లిపి జపానుకు చేరేనాటికే సూర్యుడికి అక్కడి వారి సొంత మాట హి ఉంది. ఆ అక్షరాన్ని తమ మాటతో చదివితే అది కున్ ఉచ్చారణ, చైనా నుంచి వచ్చిన ధ్వనితో చదివితే ఒన్ ఉచ్చారణ. మనం పొద్దు అనే తెలుగు మాటనూ దినం అనే సంస్కృత పదాన్నీ ఒకే గుర్తుతో రాసి, సందర్భాన్ని బట్టి చదువుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. హినొదె అంటే పొద్దుపొడుపు, మైనిచి అంటే ప్రతిదినం. మొదటిది అచ్చ జపనీస్, రెండోదానిలో రెండు ముక్కలూ చైనావే. విడిగా నిలిచిన కంజిని కున్‌తోను, మరో కంజితో కలిసి సమాసమైనదాన్ని ఒన్‌తోను చదవడం సాధారణంగా జరిగేది.

ఒన్ ఉచ్చారణలు రెండు ఉండటానికి కారణం చరిత్రలో ఉంది. నిచి అనేది 5, 6 శతాబ్దాల ప్రాంతంలో దక్షిణ చైనా పలుకుబడి నుంచి, కొంతవరకు కొరియా ద్వీపకల్పం మీదుగా వచ్చింది. జిత్సు మాత్రం 7వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా చైనాలోని టాంగ్ వంశపు రాజధాని చాంగాన్‌కు వెళ్ళివచ్చిన రాయబారులు, భిక్షువులు తెచ్చిన ఉచ్చారణ. కొత్తది వచ్చినా పాతది పోలేదు, చెరికొన్ని మాటల్లో రెండూ నిలిచిపోయాయి. మీ స్థాయికి నిచి, హి, బి, క చాలు. జిత్సును తరువాత చూసుకోవచ్చు.

తాంబరం పాఠకుడు:
పై వివరణ బాగుంది గాని, జిత్సును పక్కన పెట్టమనడం మాత్రం ఈ ప్రశ్న అడిగినవారికి సరిపోదని నా అభిప్రాయం. జపాను సంస్థల పని క్యాలెండర్లలో సెలవు దినానికి క్యూజిత్సు, పని దినానికి హెయిజిత్సు అనే మాటలు కనబడుతూనే ఉంటాయి. రోజూ కళ్ళబడేదాన్ని పరీక్షలో రాదని వదిలేయడం ఎందుకు? ఆ రెండు మాటలూ నేర్చుకుంటే జిత్సు దానంతటదే వచ్చేస్తుంది.

బి గురించి తెలుగువారు ఆశ్చర్యపోనక్కరలేదు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయినట్లు, కూర, కాయ కలిస్తే కూరగాయ అయినట్లు, జపనీస్‌లోనూ సమాసంలో రెండో పదం మొదటి పరుషం చాలాచోట్ల సరళమవుతుంది. హకారం బకారంగా మారడం వింతగా తోస్తుంది గాని, నేటి ‘హ’ పూర్వం ‘ప’గా పలికేది కనుక, నిజానికి అక్కడ జరిగింది పకారం బకారం కావడమే. పుట్టినరోజును తంజోబి అనడంలో ఉన్నదీ ఇదే మార్పు.

ఒరగడం ఉద్యోగి:
బి సందేహం తీరింది, ధన్యవాదాలు. మరి క ఎక్కడ వాడతారు? క్యో సంగతి ఏమిటి?

వేళచేరి అభ్యాసకురాలు:
క అనేది తేదీలది. రెండో తేదీ నుంచి పదో తేదీ వరకు ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక, ముయిక, ననొక, యోక, కొకొనొక, తోక అంటారు. వీటిని రోమను లిపిలో కాక తెలుగులోనే రాసుకోండి. నాలుగో తేదీ యొక్క, ఎనిమిదో తేదీ యోక; వినేటప్పుడు అభ్యర్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మన లిపిలో ఒత్తు, దీర్ఘం స్పష్టంగా కనబడతాయి కనుక చెవికి కూడా తేడా పట్టుబడుతుంది. (నాలుగుకు యొక్క, పదికి తోక అని తెలుగువాడు మరచిపోవడం కష్టం.) పదకొండు నుంచి నిచియే, ఒక్క 14, 20, 24 తేదీలు తప్ప: అవి జూయొక్క, హత్సుక, నిజూయొక్క.

ఒకటో తేదీ వేరు. ఒకటి అనే అంకె, దాని పక్కన ఈ కంజి రాసి, ఒక రోజు అనే వ్యవధిని చెప్పాలంటే ఇచినిచి అని, నెలలో మొదటి తేదీ అని చెప్పాలంటే త్సుయితచి అని చదవాలి. ఈ రెండో మాట త్సుకితచి నుంచి వచ్చింది, అంటే మన నెలపొడుపే.

క్యో విషయానికి వస్తే, ‘ఇప్పుడు’, ‘రోజు’ అనే రెండు కంజిల జంట మొత్తానికి కలిపి పెట్టిన ఉచ్చారణ అది. ఇందులో ఈ కంజి వాటా ఎంత అని విడదీయడానికి లేదు. నిన్నకు కినో, రేపటికి అషిత కూడా అంతే. వాటిని మాటలుగానే గుర్తుంచుకోవాలి.

మైలాపూరు తెలుగు:
వారాల పేర్లను మాత్రం మనం విడిగా కంఠస్థం చేయనక్కరలేదు. సూర్యుడు, చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, బంగారం, మట్టి అనే వరసలో చివరి అయిదూ కుజ, బుధ, గురు, శుక్ర, శని గ్రహాలకు జపనీస్‌లో ఉన్న పేర్ల మొదటి అక్షరాలే. ఏడు గ్రహాల ఈ లెక్క టాంగ్ కాలంలో అమోఘవజ్రుడు అనే బౌద్ధ భిక్షువు చైనా భాషలోకి తెచ్చిన జ్యోతిష గ్రంథం ద్వారా జపాను చేరింది. 806లో కూకయి అనే జపాను భిక్షువు దానిని వెంట తీసుకువెళ్ళాడు. చెన్నైలో ఉంటున్నవారికి ఇంకొక ఆసరా కూడా ఉంది: తమిళంలో ఆదివారానికి వాడే ఞాయిరు అనే మాటకు అర్థం సూర్యుడే.

వేళచేరి అభ్యాసకురాలు:
రాసేటప్పుడు ఒక సంగతి గమనించండి. చూడటానికి అయిదు గీతలున్నట్లు కనబడినా లెక్కకు నాలుగే. ఎడమ నిలువుగీత మొదటిది. పై అడ్డగీతను, కుడి నిలువుగీతను కలం ఎత్తకుండా ఒక్క మలుపుతో గీస్తే రెండోది. లోపలి అడ్డగీత మూడోది. అడుగు గీతతో పెట్టెను మూయడం చివరిది. లోపల ఒక గీత ఎక్కువైతే అది కన్ను అనే అర్థమున్న కంజి అవుతుంది.

పరీక్షలో చేతిరాత ఉండదు. వాక్యంలో గీత గీసిన మాట ఇచ్చి, దాని ఉచ్చారణకు హిరగానలో నాలుగు ఎంపికలు చూపిస్తారు. కాబట్టి అయిదు ఉచ్చారణల పట్టికను వదిలి, నిచియోబి, మైనిచి, తంజోబి, ఫుత్సుక, క్యో వంటి పది పన్నెండు మాటలను వాక్యాలలో పెట్టి చదవండి.